వీపు తిప్పి చెప్పిన లెక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మా నాయన ఇచ్చిన ఆస్తి. తిరుపతిలో ఆయనకు చిన్న బెల్లం అంగడి ఉండేది. పొద్దున్నే అంగడి తెరవకముందు పిల్లలందరినీ గడప దగ్గర వరసగా కూర్చోబెట్టి పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం అప్పజెప్పించుకునేవాడు. తడబడితే నెత్తిన మొట్టికాయ. మా ఇంట్లో లెక్క తప్పడమంటే అన్నం నేలపాలు చేసినంత పాపం. ఆ మొట్టికాయల పుణ్యమా అని నాకు లెక్కలు వచ్చాయి. రానివాళ్ళంటే చులకన కూడా వచ్చింది.

డెబ్బైల నడుమ, టీచరు ట్రైనింగు ముగించిన కొత్తలో, చిత్తూరుకు దిగువన తమిళ పొలిమేర దగ్గర ఒక పల్లెలో పంచాయతీ సమితి బడికి నన్ను వేశారు. ఒకటే పెద్ద గది, పైన పెంకులు, ఇద్దరు టీచర్లం. చిన్న తరగతులు ఇంకొక అయ్యవారివి, నాలుగూ అయిదూ నావి. నాకు ముందు వాటిని చూసినాయనకు చింతబరికె అయ్యవారని పేరు. పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి, గడ్డం పట్టి పైకెత్తి, "నా మొగం సూసి చెప్పు" అని అడిగేవాడట. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయాడు గానీ బరికె మాత్రం బీరువా వెనక అలాగే ఉంది. నేను దాన్ని విరిచి పొయ్యిలో పెట్టాను. బరికె పోయింది, భయం పోలేదు.

పిల్లలకు ఎక్కాలు కొట్టిన పిండి. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాళ్ళు. కానీ లెక్కను నాలుగు మాటల్లో కథలాగా చెప్తే చాలు, తరగతి మొత్తం ఒకే గొంతుతో అడిగేది: "టీచరమ్మా, ఇది కూడేదా, తీసేసేదా?" ఆ ఒక్క మాట నేను చెప్పేస్తే చిటికెలో చేసేస్తారు. చెప్పకపోతే పలక వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూస్తారు. జవాబు నా నుదుటి మీద రాసి ఉన్నట్టు నా కనుబొమలు చదివేవాళ్ళు. నేను కాస్త చిట్లిస్తే కూడిక తీసివేత అయిపోయేది, ఇంకాస్త చిట్లిస్తే గుణకారం. నాకు ఒళ్ళు మండిపోయేది.

పుస్తకంలో లెక్కలు కూడా తక్కువ తినలేదు. ఒక తొట్టిని రెండు కొళాయిలు నింపుతుంటే అడుగున ఇంకొకటి ఖాళీ చేస్తూ ఉంటుంది, తొట్టి ఎంతసేపటికి నిండును? ఆ ఊళ్ళో బావులు తప్ప కొళాయి ఎలా ఉంటుందో చూసిన పిల్లలే లేరు. వెనక వరసలోంచి ఒకడు లేచి, "ఆ అడుగుది మూసేదానికి ఆడ ఎవురూ లేరా టీచరమ్మా?" అన్నాడు. కూర్చోరా అని కసిరాను. ఆ వారమంతటికీ నా తరగతిలో వచ్చిన తెలివైన ప్రశ్న అదొక్కటే అని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

ఆ అయిదో తరగతిలోనే కిటికీ పక్కన ఒక పిల్ల కూర్చునేది. నూనె పెట్టి గట్టిగా బిగించిన రెండు జడలు, కొంచెం పొడవైన లంగా. పలక మీద అంకెలేసి ఇస్తే కూడికలూ భాగహారాలూ చక్కగా చేసేది. లేపి నోటితో అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయి. పెదవులు బిగుసుకుపోయేవి, కళ్ళు నా మొహం మీద నిలిచిపోయేవి, కాసేపటికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. బుజ్జగించాను, గదమాయించాను, పటికబెల్లం పెట్టాను. ఊహూఁ.

వేరే పిల్లయితే పోనీలే అనుకునేదాన్ని. కానీ మూడు మైళ్ళ అవతల ఉన్న హైస్కూలు హెడ్‌మాస్టరు లెక్కల మనిషి. చుట్టుపక్కల బళ్ళ నుంచి ఏమీ రాని పిల్లలు వస్తున్నారని విసిగిపోయి, ఆరో తరగతిలో చేరడానికి వచ్చిన ప్రతివాళ్ళనూ తన గదిలో ఎదురుగా నిలబెట్టి నోటిలెక్కలు అడిగేవాడు. చెప్తే చేర్చుకుంటాడు. లేకపోతే ఇంకో ఏడాది అయిదులోనే ఉండి రమ్మంటాడు. ఈ పిల్ల తండ్రికి గొర్రెల మంద ఉంది. ఒకరోజు బడి గుమ్మం దగ్గర నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నాతో అన్నాడు: "ఇంగొక ఏడాదంటే నావల్ల కాదు టీచరమ్మా. ఆ సారు చేర్చుకుంటే హైస్కూలుకు పంపిస్తాను, లేదంటే గొర్రెల ఎనకాల పోతాది. ఇంట్లో మనిషి సాలదు." చెడ్డవాడు కాదు, ఉన్నమాట చెప్పాడు. ఆ పిల్ల నోరు తెరిస్తే ఆరో తరగతి, తెరవకపోతే గొర్రెలు. అంతే సంగతి.

శేషం లెక్కలు చెప్పే రోజు అసలు చిక్కు వచ్చింది. ఇరవై మూడు మామిడిపండ్లు అయిదుగురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని, శేషం ఎంత? తలా నాలుగు అని అందరూ చెప్పారు. "మరి శేషం?" అన్నాను. "శేషం లేదు టీచరమ్మా" అన్నారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే. ఒకరిద్దరు కాదు, తరగతి మొత్తం. పలకల మీద వేయించాను. పలక మీద మూడు మిగిలింది. "అదిగో, మూడు శేషం కదా?" అంటే, "ఆడ మిగిలినాయి గానీ, మామిడిపండ్లయితే మిగలవు" అని ఒకడు నసిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా చదువు అనుకుని సుద్దముక్క విసిరికొట్టి బయటికి వెళ్ళి నిలబడ్డాను.

ప్రతి శనివారం తిరుపతికి పోయేదాన్ని, ఆ వారం జ్వరంగా ఉండి పోలేదు. ఆదివారం పొద్దున, నేను అద్దెకున్న ఇంటి ఎదురుగా ఖాళీ జాగాలో సందడి. ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళు కలిసి పొట్టేలు కొని కోసుకుంటున్నారు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. అందుకని ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, చూడకూడదనుకుంటూనే అరుగు మీద నుంచి అంతా చూశాను.

కానుగ ఆకుల రొట్ట పరిచి దాని మీద మాంసం పోగులు పెడుతున్నాడు ఒక ముసలాయన. ఎన్ని ఇళ్ళో అన్ని పోగులు. కండ ఒక చుట్టు వేశాడు, ఎముకలు ఒక చుట్టు, కార్జం చిన్న చిన్న ముక్కలు చేసి ప్రతి పోగులోనూ కొంచెం కొంచెం. చుట్టూ ఉన్నవాళ్ళు "దాంట్లో తక్కువుండాది సూడబ్బా" అంటే ఒక ముక్క తీసి అటు వేస్తున్నాడు. ఆఖరున గుప్పెడు మిగిలింది. దాన్ని పక్కన పెట్టలేదు. కత్తితో సన్నగా కోసి, తలా చిటికెడు అన్నట్టు అన్నిటిమీదా చల్లేశాడు. రొట్ట మీద ఒక్క ముక్క మిగలలేదు. శేషం లేదు.

నా పైట ముక్కు మీద నుంచి జారిపోయింది. పిల్లలు నాకు తప్పు చెప్పలేదు. వాళ్ళకు తెలిసిన పంపకంలో మిగలడమనేదే ఉండదు. మిగిలిందంటే పంపకం ఇంకా అయిపోలేదని అర్థం.

అంతలో ఇంకో వింత. పోగులు ఎంత సమంగా పెట్టినా ఏది ఎవరిదని తగువు రాకుండా, ఒకరిని వీపు తిప్పి నిలబెడతారు. ముసలాయన కట్టెతో ఒక పోగు చూపించి, "ఇది ఎవురికి?" అంటాడు. వీపు తిప్పిన మనిషి ఏ ఇంటివాళ్ళ పేరు చెప్తే అది వాళ్ళది. చూడకుండా చెప్పింది గనక ఎవరూ గొణగడానికి లేదు. ఆ రోజు పోగులకు వీపు తిప్పి, పొలాల వైపు మొహం పెట్టి నిలబడింది ఎవరనుకున్నారు? నా బెల్లం కొట్టిన రాయి!

"ఇది ఎవురికి?"

"మిద్దింటోళ్ళకు!"

"ఇది?"

"బాయికాడోళ్ళకు!"

"ఇది ఎవురికి?"

"చర్చి పక్కనోళ్ళకు!"

గంట కొట్టినట్టుంది గొంతు. తడబాటు లేదు, ఒక ఇంటిని రెండుసార్లు చెప్పలేదు, ఒక ఇంటిని మరిచిపోలేదు. వాళ్ళ నాయనను పిలిచి అడిగితే, "శానా దినాలుగా అదే చెప్తాది టీచరమ్మా. అది చెప్తే ఎవురూ మారుమాట అనరు" అన్నాడు. అతని మొహంలో అంత గర్వం నేను అంతకుముందు చూడలేదు.

సోమవారం ఆ పిల్లను లేపి, "గోడవైపు తిరుగు మే" అన్నాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. తిరిగింది. "పద్దెనిమిది మేకలు, మూడు దొడ్లు. ఒక్కో దొడ్లో ఎన్ని?" అన్నాను.

"ఆరు!" అంది, పోగులకాడి గొంతుతోనే.

గదిలో నవ్వు ఆగిపోయింది. ఇంకొకటి అడిగాను, ఇంకొకటి. అన్నిటికీ జవాబు వచ్చింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల గోడ చూస్తోంది గనక నేను తుడుచుకోలేదు కూడా. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, "ఇట్లా అయితే ఎట్లా చెప్పినావు?" అని అడిగాను. కాసేపు కాలి బొటనవేలితో నేల గీకి, "ఆడ మొగాలు కనపడవు కదా టీచరమ్మా" అంది.

తరగతి అంతా నా కనుబొమలు ఎందుకు చదువుతుందో అప్పుడు తెలిసింది. లెక్క పలక మీద ఉంటే, పిల్లల కళ్ళు నా మొహం మీద ఉన్నాయి. ఆలోచించడానికి వాళ్ళకు తీరికే లేదు, నా కోపాన్ని కనిపెట్టుకుని ఉండటమే సరిపోతోంది. మర్నాటి నుంచి పిల్లలకు ఎదురుగా నిలబడి లెక్క అడగడం మానేశాను. పక్కన చాప మీద కూర్చుని, వాళ్ళు చూస్తున్న వైపే నేనూ చూస్తూ అడిగేదాన్ని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ అలవాటు పోలేదు. లెక్కల టీచరుకు కుర్చీ ఎందుకని నేను వాదిస్తే తోటి టీచర్లు నవ్వేవాళ్ళు.

పోగులు మా తరగతిలోకి వచ్చేశాయి. చింతపిక్కలు పోగులు పెట్టేవాళ్ళం. ఒకరు పెట్టడం, ఒకరు వీపు తిప్పి చెప్పడం. లెక్క చెప్పగానే ఎవరూ "కూడేదా, తీసేసేదా" అని అడగకూడదు. అడగాల్సింది "కోయచ్చునా, కోయకూడదా?" అని. మామిడిపండయితే కోయచ్చు. ఇరవై మూడు పండ్ల లెక్కను మళ్ళీ తీశాను. మిగిలిన మూడు పండ్లు అయిదుగురికి ఎలా పంచుతారంటే, కాసేపు గుసగుసలాడుకుని, ఒక్కో పండు అయిదు ముక్కలు కోసి, ప్రతి పండులోంచీ తలా ఒక ముక్క అని చెప్పారు. భిన్నాల పాఠం ఇంకా నెల తర్వాత ఉంది. వాళ్ళు ముందే నడిచి అక్కడికి చేరిపోయారు.

మేకలయితే కోయకూడదు. మనుషులయితే అసలే కోయకూడదు. తిరుమల కొండకు ఇరవై మూడు మంది పోతున్నారు, ఒక్కో జీపులో అయిదుగురు పడతారు, ఎన్ని జీపులు కావాలి? నాలుగు అని ఎవరూ అనలేదు. "మిగిలిన ముగ్గుర్ని అలిపిరిలో ఇడిసిపెట్టి పోతామా ఏమి?" అంది ఒక పిల్ల. "నడిసిపోనీ, పుణ్యం!" అన్నాడు కొళాయి పిల్లవాడు. అందరం పడీపడీ నవ్వాం. అదే ఇరవై మూడు, అదే అయిదు, జవాబు మాత్రం ఎవరిని పంచుతున్నామనే దాన్నిబట్టి మారిపోతుంది. ఇది నాకు మా నాయన ఎక్కాల్లో దొరకలేదు, ట్రైనింగులో దొరకలేదు.

చలి తగ్గి మామిడి పూత రాలుతుంటే నాకు దిగులు పట్టుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ పిల్లకు గోడ లేకుండా నోరు రాకుండా చేశానా? హెడ్‌మాస్టరు గదిలో ఆయనకు వీపు చూపిస్తే ఊరుకుంటాడా? అందుకని కొంచెం కొంచెంగా తిప్పడం మొదలుపెట్టాను. మొదట పావు తిరుగుడు, కిటికీ వైపు. తర్వాత అర తిరుగుడు, నాకు పక్కగా. బడి మూసే నాటికి నా వైపు ఓరగా చూస్తూ చెప్పగలిగింది. కానీ చిన్న తరగతుల అయ్యవారు మా వైపు వచ్చాడంటే మళ్ళీ పెదవులు బిగుసుకుపోయేవి. ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలో ఉన్నా నాకు ఆ పిల్ల పెదవులే కనిపించేవి.

బడులు తెరిచిన వారమే ముగ్గురం హైస్కూలుకు నడిచాం. ఆ పిల్లా, వాళ్ళ నాయనా, నేనూ. దోవ పొడుగునా మామిడికాయల బండ్లు చిత్తూరు మండీకి పోతున్నాయి. తండ్రి ఉతికిన పంచె కట్టుకున్నాడు.

హెడ్‌మాస్టరు దళసరి కళ్ళద్దాల మనిషి. మంచివాడనే అందరూ అంటారు, ఆ మంచితనం మొహంలోకి మాత్రం రాదు. బల్ల ముందు పిల్లను నిలబెట్టి, కళ్ళద్దాల్లోంచి సూటిగా చూస్తూ అడిగాడు: "ముప్పై ఒక్క టెంకాయలు. నలుగురికి సమంగా పంచాల. ఒక్కొక్కరికి ఎన్ని, ఎంత మిగులుతుంది?"

పెదవులు బిగుసుకున్నాయి. ఆయన కాసేపు చూసి మళ్ళీ అడిగాడు. లంగా అంచు పిడికిట్లో నలిగిపోతోంది. నేను ఆగలేక, "సార్, దయచేసి గోడవైపు తిరిగి చెప్పనివ్వండి. చెప్తుంది" అన్నాను.

"పెద్దోళ్ళకు ఈపు చూపించి మాట్లాడేది నేర్పించినారా మీ బళ్ళో?" అన్నాడాయన.

కోపం ముక్కు మీదుండే నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. తండ్రి తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని, "పోనీలే సార్. దానికి సదువు రాసిపెట్టలేదు" అని కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "దా పాపా, పోదాం."

ఆ పిల్ల కదల్లేదు. నాయన చేతిలోంచి చెయ్యి లాక్కుంది. నేల చూస్తూ, వినీ వినపడకుండా ఏదో అంది.

"ఏమన్నావు?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"మీరు తిరుక్కోండి సార్."

తండ్రి గబుక్కున దాని నోరు మూయబోయాడు. హెడ్‌మాస్టరు చెయ్యెత్తి ఆపాడు.

"పోగులేసేటప్పుడు ఎవురో ఒకరు తిరుక్కోవాల సార్," అంది పిల్ల, ఇంకా నేల చూస్తూనే. "నేను తిరక్కూడదంటే మీరు తిరుక్కోండి."

హెడ్‌మాస్టరు నా వైపు చూశాడు. పొట్టేలు పోగుల సంగతీ, ఈ పిల్ల ఇళ్ళపేర్లు పిలిచే సంగతీ, నాకు తోచిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మమ్మల్ని పొమ్మంటాడనే అనుకున్నాను.

ఆయన లేచాడు. కుర్చీని రెండు చేతులా ఎత్తి, గోడవైపు తిప్పి వేసుకుని కూర్చున్నాడు. మాకు ఆయన బట్టతలా, చొక్కా వీపు మీద చెమట మరకా కనిపిస్తున్నాయి. ఎదురుగా గోడకున్న ఇండియా మ్యాపుతో అన్నట్టు అడిగాడు: "ముప్పై ఒక్క టెంకాయలు. నలుగురికి."

"తలా ఏడు సార్!"

గంట కొట్టిన గొంతు. వరండాలో పోతున్న పిల్లలు ఆగి తొంగిచూశారు.

"మిగిలేది?"

"మూడు సార్. పగలగొట్టచ్చునా?"

"ఎందుకు?"

"పగలగొడితే మిగలవు సార్. మూడు కాయలకు ఆరు చిప్పలు. తలా ఒక చిప్ప ఇస్తాను. ఇంగా రెండు చిప్పలుండాయి కదా, వాటిని సగం సగం చేసి తలా ఒక ముక్క. ఒక్కొక్కరికి ఏడు ముప్పావు సార్. ఏమీ మిగల్లేదు."

ఆయన ఇంకొకటి అడిగాడు, ఇంకా కష్టమైంది. చెప్పింది. దానికంటే కష్టమైంది అడిగాడు. పిల్ల పైకి చూస్తూ, వేళ్ళు మడుస్తూ, కాసేపు ఆగింది. ఆయన తొందరపెట్టలేదు. ఆమెకు ఆయన మొహం కనిపించదు, ఆయనకు ఆమె తడబాటు కనిపించదు. కాసేపటికి జవాబొచ్చింది. తండ్రి గుమ్మానికి ఆనుకుని, తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. అతనికి లెక్క అర్థం కాలేదు గానీ కూతురి గొంతు తెలుసు.

"సరే, చేర్చుకుంటాను," అన్నాడు హెడ్‌మాస్టరు మ్యాపుతోనే. తర్వాత గొంతు తగ్గించి, పెద్ద మనిషిని అడిగినట్టు అడిగాడు: "ఇంక నేను తిరగొచ్చునా అమ్మా?"

ఏడాదంతా నా ముందు నోరు తెరవడానికి ఏడ్చిన పిల్ల, ఒక అడుగు ముందుకేసి బల్ల పట్టుకుని అంది:

"ఉండండి సార్. ఇంగొక లెక్క అడగండి."